ఎనిమిది దేశాలు, ఒకే ప్రాంగణం

న్యూఢిల్లీ: ఢిల్లీలో మధ్యాహ్నం 12 గంటలయ్యేసరికి ఖాట్మండులో 12 గంటల 15 నిమిషాలవుతుంది. ఢాకా, థింపూ నగరాలలో పన్నెండున్నర. ఇస్లామాబాద్, మాలెలలో పదకొండున్నర. కాబూల్‌లో ఇంకా 11 గంటలే. ఒక్క కొలంబో గడియారం మాత్రమే ఢిల్లీ గడియారంతో సమానంగా నడుస్తుంది. ఢిల్లీ దక్షిణపు అంచున మైదాన్‌గఢీలో సుమారు నూరు ఎకరాల స్థలంలో వెలసిన దక్షిణాసియా విశ్వవిద్యాలయంలో చేరే విద్యార్థికి ఏ పాఠ్యపుస్తకం తెరవకముందే బోధపడే విషయాలలో ఇది ఒకటి.

సెలవుల లెక్క మరింత చిత్రమైనది. ఢాకాలోను, మాలెలోను శుక్ర, శనివారాలు సెలవు. కాబూల్‌లో శుక్రవారం సెలవు. ఖాట్మండులో సంప్రదాయంగా శనివారం సెలవు. ఆదివారం నాడు ప్రభుత్వ కార్యాలయాలు యథావిధిగా పనిచేయడం అక్కడి అలవాటు. మనకు శని, ఆదివారాలు. స్వదేశం నుంచి ఏదైనా ధ్రువీకరణ పత్రం తెప్పించుకోవలసిన బంగ్లాదేశ్ విద్యార్థి శుక్రవారం నాడు ఢిల్లీ నుంచి ఫోన్ చేస్తే ఢాకాలో పలికే నాథుడుండడు. ఆదివారం నాడు ఢాకా కార్యాలయం తెరిచే సమయానికి ఇక్కడి కార్యాలయం మూతపడి ఉంటుంది. ఇరుగుపొరుగు దేశాల గురించి మనకు తెలుసునని అనుకునేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

విశ్వవిద్యాలయ విద్యార్థులలో ప్రపంచ అవగాహనను, ఇతర సంస్కృతుల వారితో కలసి మెలసి పనిచేసే నేర్పును పెంపొందించాలన్న మాట కొన్నేళ్లుగా మన విద్యా విధాన పత్రాలన్నింటిలోను వినబడుతున్నది. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఈ లక్ష్యాన్ని ప్రస్తావించింది. ఉన్నత విద్య అంతర్జాతీయీకరణపై విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2021 జూలైలో మార్గదర్శక సూత్రాలు వెలువరిస్తూ, ప్రతి విశ్వవిద్యాలయంలోను అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయాన్ని నెలకొల్పాలని సూచించింది. అయితే కార్యాలయం నెలకొల్పడం వేరు, పక్క గదిలో ఉంటున్న పొరుగు దేశపు విద్యార్థి పేరును సరిగ్గా పలకగలగడం వేరు. ఈ రెండవ పనికి ఒక ప్రాంగణం మొత్తాన్నే కేటాయించిన ప్రయోగం దక్షిణాసియాలో ఒక్కటే ఉన్నది. దాని కథ ఆశాజనకమూ, ఆందోళనకరమూ కూడా.

ఢాకాలో పుట్టిన ఆలోచన

దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘం (సార్క్) 13వ శిఖరాగ్ర సమావేశం 2005 నవంబరులో ఢాకాలో జరిగినపుడు సభ్య దేశాలన్నింటికీ కలిపి ఒక విశ్వవిద్యాలయం ఉండాలని నాటి ప్రధాని డాక్టర్ మన్మోహన్ సింగ్ ప్రతిపాదించారు. బంగ్లాదేశ్‌కు చెందిన చరిత్రకారుడు ఆచార్య గౌహర్ రిజ్వీ దీనికి భావనా పత్రాన్ని రూపొందించారు. 2007 ఏప్రిల్‌లో న్యూఢిల్లీలో జరిగిన 14వ శిఖరాగ్ర సమావేశంలో సభ్య దేశాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఆఫ్ఘనిస్థాన్ ఎనిమిదవ సభ్య దేశంగా సార్క్‌లో చేరినదీ ఆ సమావేశంలోనే కావడం గమనార్హం.

2010లో తరగతులు ప్రారంభమైనపుడు విశ్వవిద్యాలయానికి సొంత గూడు లేదు. మొదట జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తలదాచుకున్నది. పిదప చాణక్యపురిలోని అక్బర్ భవన్‌కు మారింది. ఒకప్పుడు ప్రభుత్వ హోటలుగా వెలిగిన ఆ బహుళ అంతస్తుల భవనంలో తరగతి గదులు, హాస్టలు, గ్రంథాలయం, భోజనశాల అన్నీ ఒకే కప్పు కిందకు వచ్చాయి. మైదాన్‌గఢీలోని శాశ్వత ప్రాంగణానికి తరలడానికి 2023 దాకా ఆగవలసి వచ్చింది. విద్యార్థుల పరిచయాలకు ఆ ఇరుకు భవనమే ఎక్కువ మేలు చేసి ఉంటుందని అనుకోవడానికి ఆస్కారముంది. ఒకే లిఫ్టులో రోజూ నాలుగుసార్లు ఎక్కి దిగేవారు ఎంతకాలం మాట్లాడకుండా ఉండగలరు?

ఇక్కడి ప్రవేశ పరీక్షను సభ్య దేశాలన్నింటిలోను నిర్వహించే పద్ధతి మొదటి నుంచి ఉంది. సీట్లలో సగం భారతీయులకు పోగా, తక్కినవి ఇతర దేశాల వారికి. ఇక్కడి పట్టాలకు ఎనిమిది దేశాలలోను గుర్తింపు ఉండాలన్నది ఒప్పందంలోని ముఖ్యాంశం. నిర్మాణ వ్యయాన్ని పూర్తిగా భారతదేశమే భరించింది. నిర్వహణ వ్యయంలోనూ సగానికి పైగా వాటా మనదే. అంతర్జాతీయ సంస్థ అని పేరు పెట్టి ఖర్చులో సింహభాగాన్ని ఒక దేశమే భరించడం వల్ల సంస్థపై ఆ దేశపు ముద్ర పడక తప్పదు. అధ్యక్ష పదవిలో ఇంతవరకు భారతీయులే ఉంటూ రావడాన్ని పొరుగు దేశాల విద్యావేత్తలు గమనించకపోలేదు. తొలి అధ్యక్షుడు, ఆర్థికవేత్త జి.కె.చద్దా అంతకు పూర్వం జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా పనిచేశారు.

బ్రెజిల్ దగ్గరా? కరాచీ దగ్గరా?

ఇదంతా భావావేశంతో కూడిన సౌహార్ద కార్యక్రమమని, దేశ ఆర్థిక ప్రయోజనాలతో దీనికి నిమిత్తం లేదని కొట్టిపారేసేవారు ఒక లెక్క చూడవలసి ఉంది. దక్షిణాసియా దేశాల మొత్తం వాణిజ్యంలో తమలో తాము జరుపుకునే వాణిజ్యం వాటా దాదాపు 5 శాతం మాత్రమే. ఆగ్నేయాసియా దేశాలలో ఇది 25 శాతం దాకా ఉన్నది. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై 2004 జనవరిలో ఇస్లామాబాద్‌లో సంతకాలు జరిగి, 2006లో అది అమలులోకి వచ్చిన తర్వాత కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. ప్రాంతీయ సరుకుల వాణిజ్యం 2,300 కోట్ల డాలర్ల వద్ద నిలిచి ఉన్నదని, అవరోధాలు తొలగితే అది 6,700 కోట్ల డాలర్లకు చేరగలదని ప్రపంచ బ్యాంకు 2018లో వెలువరించిన నివేదికలో అంచనా వేసింది. భారతీయ సంస్థలకు పొరుగున ఉన్న దక్షిణాసియా దేశంతో కంటే సముద్రాల ఆవలనున్న బ్రెజిల్‌తో వ్యాపారం చేయడమే దాదాపు 20 శాతం చౌక అని ఆ నివేదిక తేల్చిన సంగతి అప్పట్లో ఆశ్చర్యం కలిగించింది.

సుంకాలు, సరిహద్దు తనిఖీలు, లారీల నిలుపుదల వంటి కారణాలతో పాటు పరస్పర విశ్వాసం కొరవడటాన్ని కూడా ఒక ప్రధాన కారణంగా ఆ నివేదిక పేర్కొన్నది. విశ్వాసం సుంకాల పట్టికలో చేర్చగల అంశం కాదు. అవతలి దేశపు వ్యాపారి మాట ఇస్తే దానికి ఎంత విలువ కట్టాలో, అతడు మౌనంగా ఉన్నాడంటే అంగీకరించినట్లో కాదన్నట్లో తెలియనివాడు సరుకు పంపడానికి జంకుతాడు. అటువంటి తెలివిడి ఇరవై ఏళ్ల ప్రాయంలో కలిసి చదువుకున్న వారికి అబ్బినంత సులభంగా తర్వాత అబ్బదు.

ఐరోపా వారు ఈ సత్యాన్ని ముందే గ్రహించారు. రెండు ప్రపంచ యుద్ధాలలో ఒకరినొకరు చంపుకున్న దేశాలు 1987లో ‘ఎరాస్మస్’ పేరిట విద్యార్థుల మార్పిడి పథకాన్ని ప్రారంభించాయి. తొలి ఏడాది 11 దేశాల నుంచి కేవలం 3,244 మంది అందులో పాల్గొన్నారు. తర్వాత ఆ సంఖ్య లక్షలకు పెరిగింది. ఆ పథకం మూలంగా పరిచయమైన జంటలకు అప్పటికి సుమారు పది లక్షల మంది పిల్లలు పుట్టి ఉంటారని ఐరోపా సంఘం 2014లో ఒక అంచనా ప్రకటించింది. విదేశాంగ మంత్రుల సమావేశాలు దేనికీ ఇటువంటి ఫలితం దక్కినట్లు దాఖలా లేదు!

చర్చించరాని విషయాలు

సార్క్ నిబంధనావళిలో ఒక విశేషమున్నది. 1985 డిసెంబరులో ఢాకాలో ఆమోదించిన ఆ పత్రం ప్రకారం ద్వైపాక్షిక సమస్యలు, వివాదాస్పద అంశాలు సంఘం చర్చల పరిధిలోకి రావు. దేశాధినేతలు ఒక బల్ల చుట్టూ కూర్చున్నా కాశ్మీరు గురించి గాని, నదీ జలాల గురించి గాని అధికారికంగా మాట్లాడుకోరాదు. అదే సంఘం నెలకొల్పిన విశ్వవిద్యాలయంలో మాత్రం అంతర్జాతీయ సంబంధాలు, సామాజిక శాస్త్రం, న్యాయశాస్త్రం, ఆర్థికశాస్త్రం బోధిస్తున్నారు. వివాదాస్పద అంశాలు తీసివేస్తే ఈ శాస్త్రాలలో మిగిలేదేమిటి?

ఒక్క 1971వ సంవత్సరాన్నే తీసుకుందాం. బంగ్లాదేశ్ విద్యార్థికి అది విముక్తి సంగ్రామ సంవత్సరం, జాతి పుట్టుక. భారతీయ విద్యార్థి పాఠ్యపుస్తకంలో అది డిసెంబరులో 13 రోజుల పాటు సాగి విజయంతో ముగిసిన యుద్ధం. పాకిస్తాన్ విద్యార్థికి దేశం రెండు ముక్కలైన విషాదం. శ్రీలంకలో భారత శాంతి పరిరక్షక దళం 1987 నుంచి 1990 దాకా ఉన్న కాలాన్ని జాఫ్నా నుంచి వచ్చిన తమిళ విద్యార్థి ఒక విధంగా, గాలె నుంచి వచ్చిన సింహళ విద్యార్థి మరొక విధంగా, తమిళనాడు విద్యార్థి ఇంకొక విధంగా విని ఉంటారు. 1975లో ప్రారంభమైన ఫరక్కా బ్యారేజీ మనకు కలకత్తా రేవును కాపాడే కట్టడం. పద్మా నది ఒడ్డున పెరిగిన వారికి అది ఎండాకాలపు కరువు. ముగ్గురూ ఒకే తరగతి గదిలో కూర్చున్నపుడు పరీక్షలో ఏ జవాబు రాస్తే మార్కులు పడతాయన్నది చిన్న ప్రశ్న కాదు. ఒకరి కథ విన్న తర్వాత కూడా తన కథను వదులుకోనవసరం లేదని, అయితే తన కథ ఒక్కటే కథ కాదని తెలుసుకోవడమే ఇక్కడి చదువు.

ఈ స్వేచ్ఛకు సైతం హద్దులు ఎదురవుతున్నాయి. విద్యార్థుల ఉపకార వేతనాల పెంపు కోసం 2022లో జరిగిన ఆందోళన పర్యవసానంగా కొందరు విద్యార్థులపై చర్యలు తీసుకున్నారు. 2023 జూన్‌లో నలుగురు అధ్యాపకులను సస్పెండ్ చేశారు. కాశ్మీరుకు సంబంధించిన ఒక పరిశోధన ప్రతిపాదనపై 2024లో వివాదం చెలరేగి, శ్రీలంకకు చెందిన సామాజిక శాస్త్ర ఆచార్యుడు శశాంక పెరీరా విశ్వవిద్యాలయాన్ని వీడిపోయారు. వీటి మంచిచెడ్డలపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని బయటి దేశం నుంచి వచ్చిన అధ్యాపకుడు వెనుదిరిగిన వార్త ఢాకా, కొలంబో పత్రికలలో ఎలా చదువుతారో ఊహించడం కష్టం కాదు.

కాగితం, కలం, దుకాణం

భాషల విషయంలో ప్రాంగణం పరిస్థితి ఇందుకు భిన్నంగా, ఎంతో ఆహ్లాదకరంగా ఉంటుంది. బోధన ఆంగ్లంలో సాగుతుంది. బయట రాజ్యమేలేది హిందీ, ఉర్దూల మిశ్రమం. నేపాలీ విద్యార్థి సినిమాల ద్వారా హిందీ నేర్చుకునే వస్తాడు. పశ్చిమ బెంగాల్ విద్యార్థి, బంగ్లాదేశ్ విద్యార్థి తమ భాషలో మాట్లాడుకుంటూ, ‘నీళ్లు’ అన్న పదం దగ్గర ఒకరు ‘జల్’ అనీ మరొకరు ‘పానీ’ అనీ విడిపోతారు. జాఫ్నా తమిళం విన్న చెన్నై విద్యార్థి ముందు తెల్లబోయి, తర్వాత ముచ్చటపడతాడు.

ఆఫ్ఘన్ విద్యార్థి మాట్లాడే దరీ భాష తెలుగువారికి పూర్తిగా అపరిచితమని అనిపిస్తుంది గాని అది నిజం కాదు. ‘రోజు’ అన్న మాట అటు నుంచి వచ్చినదే. ‘దుకాణం’ ఆ తోవలో వచ్చినదే. మనం అచ్చ తెలుగనుకునే ‘కాగితం’ పారశీకపు ‘కాగజ్’ నుంచి రూపాంతరం చెందింది. ‘కలం’ అరబ్బీ నుంచి పారశీకం మీదుగా మన చేతికి వచ్చింది. దస్తావేజు, జమాబందీ, తహశీల్దారు వంటి మాటలు లేకుండా మన రెవెన్యూ కార్యాలయం ఒక్క పూట నడవదు. కాబూల్ కుర్రవాడికి, కర్నూలు కుర్రవాడికి మధ్య సంభాషణ ప్రారంభించడానికి ఈ నాలుగు మాటలు చాలు.

పండుగలూ అంతే. ఆఫ్ఘన్ల నౌరోజ్ మార్చి 20, 21 తేదీలలో వస్తుంది. 2023లో దాని మరునాడే, మార్చి 22న మన ఉగాది వచ్చింది. ఏప్రిల్ నడుమ సింహళ, తమిళ సంవత్సరాదులు, బెంగాలీల పొయిలా బోయిశాఖ్, నేపాలీల విక్రమ సంవత్సరారంభం, పంజాబీల వైశాఖి అన్నీ ఒకటి రెండు రోజుల తేడాలో వరుస కడతాయి. భూటాన్ వారి లోసార్ వీటన్నింటికీ ముందే, ఫిబ్రవరి మార్చి నెలల్లో ముగిసిపోతుంది. కొత్త సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్నకు ఈ ప్రాంగణంలో కనీసం నాలుగు సరైన జవాబులున్నాయి.

అయితే భోజనశాల దగ్గర ఈ సామరస్యం గట్టి పరీక్షకు గురవుతుంది. చేప లేనిదే ముద్ద దిగని బెంగాలీలు, మాల్దీవుల వారు ఒక వైపు. ఉల్లిపాయ కూడా ముట్టని కుటుంబాల నుంచి వచ్చినవారు మరొక వైపు. హలాల్ మాంసం తప్ప తినని వారు ఇంకొక వైపు. మిరపకాయలను జున్నుతో కలిపి కూరగా వండుకునే భూటాన్ వారికి మాత్రం మన గుంటూరు వారితో పేచీ రాదు. 2025 ఫిబ్రవరి 26న మహాశివరాత్రి సందర్భంగా ఈ భోజనశాలలోనే మాంసాహారం వడ్డన విషయమై రెండు విద్యార్థి వర్గాల మధ్య ఘర్షణ జరిగింది. ఉపవాసం పాటించేవారి మనోభావాలను గౌరవించలేదని ఒక వర్గం, అందరి ఆహారాన్ని బలవంతంగా మార్చజూశారని మరొక వర్గం ఆరోపించుకున్నాయి. ఎవరి మాట ఎంతవరకు నిజమన్నది అటుంచితే, ఈ తగవు భారతీయ విద్యార్థి సంఘాల మధ్య వచ్చినదే గాని దేశాల మధ్య వచ్చినది కాదు. ఏడు దేశాల అతిథులు ప్రేక్షకులుగా మిగిలారు.

వీసా దగ్గర ఆగిన చదువు

ప్రాంగణంలో ఎంత సఖ్యత ఉన్నా గేటు అవతల దేశాల రాజకీయాలు కాచుకుని ఉంటాయి. భారత, పాకిస్తాన్ దేశాలు ఒకరి పౌరులకు మరొకరు ఇచ్చే వీసాలు సాధారణంగా నిర్దిష్ట నగరాలకే పరిమితం. ఢిల్లీకి మాత్రమే వీసా ఉన్న లాహోరు విద్యార్థి సహాధ్యాయులతో కలసి ఆగ్రా వెళ్లి తాజ్‌మహల్ చూడాలన్నా వేరుగా అనుమతి కావాలి. 2016 నవంబరులో ఇస్లామాబాద్‌లో జరగవలసిన సార్క్ 19వ శిఖరాగ్ర సమావేశం ఉరీ సైనిక స్థావరంపై ఉగ్రవాదుల దాడి దరిమిలా రద్దయింది. 2014లో ఖాట్మండులో జరిగినదే చివరి సమావేశంగా మిగిలింది. తల్లి సంస్థ మంచాన పడితే పిల్ల సంస్థ ఎంత కాలం ఆడుతూ పాడుతూ ఉంటుంది?

2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైన తర్వాత, దేశం వెలుపల ఉన్న ఆఫ్ఘన్లకు అంతకు ముందు జారీచేసిన వీసాలను భారత ప్రభుత్వం భద్రతా కారణాల రీత్యా రద్దు చేసింది. సెలవులకు ఇంటికి వెళ్లిన విద్యార్థులు ఎందరో అక్కడే చిక్కుకుపోయారు. వారిలో యువతుల పరిస్థితి మరీ దయనీయం. 2022 డిసెంబరులో స్వదేశంలోని విశ్వవిద్యాలయాల తలుపులు కూడా వారికి మూసుకుపోయాయి. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలిపోయిన పిమ్మట బంగ్లాదేశీయులకు వీసాల జారీ బాగా తగ్గింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో పర్యాటకులపై ఉగ్రవాదులు జరిపిన మారణకాండ అనంతరం పాకిస్తాన్ పౌరుల వీసాలను కేంద్రం రద్దు చేసింది. సార్క్ వీసా మినహాయింపు పథకాన్ని వారికి వర్తించకుండా నిలిపివేసింది. అట్టారీ సరిహద్దు మూతపడింది. సింధు జలాల ఒప్పందం అమలును నిలిపివేసినదీ ఆ సందర్భంలోనే.

దేశ భద్రత విషయంలో ప్రభుత్వాలు కఠినంగా వ్యవహరించడం సహజం. ఇరవై ఆరుగురు అమాయకుల ప్రాణాలు తీసిన ఘటనకు ఏ ప్రభుత్వమైనా ప్రతిస్పందించక తప్పదు. కాని ఎనిమిది దేశాల పేరిట నెలకొల్పిన విశ్వవిద్యాలయం దశాబ్దంన్నర దాటేలోగా మూడు పెద్ద దేశాల విద్యార్థులకు దారి ఇరుకైపోయిందన్నది వాస్తవం.

అతిథులు తక్కువ, అవమానాలు ఎక్కువ

ఈ విశ్వవిద్యాలయాన్ని పక్కన పెట్టి దేశం మొత్తాన్ని చూసినా చిత్రం అంత ఉజ్జ్వలంగా లేదు. ఉన్నత విద్యపై కేంద్రం జరిపే అఖిల భారత సర్వే ప్రకారం 2021-22లో మన దేశంలో చదువుతున్న విదేశీ విద్యార్థులు 46,878 మంది. వీరు 170 దేశాల వారు. 13,126 మందితో నేపాల్ అగ్రస్థానంలోను, 3,151 మందితో ఆఫ్ఘనిస్థాన్ ద్వితీయ స్థానంలోను ఉన్నాయి. కాగా 2023-24లో ఒక్క అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వారిలో తెలుగువారు గణనీయ సంఖ్యలో ఉన్నారన్నది విదితమే. బిడ్డ అమెరికాలో ఏమి తింటున్నాడో, అక్కడివారు వాడితో ఎలా ప్రవర్తిస్తున్నారో అని రాత్రింబవళ్లు బెంగపడే మన తల్లిదండ్రులు, తమ వీధిలో అద్దెకుంటున్న సూడాన్ కుర్రవాడి తల్లి కూడా అలాగే బెంగపడుతుందని ఎన్నడైనా తలచారా?

2016 ఆరంభంలో బెంగళూరులో టాంజానియా విద్యార్థినిపై అల్లరిమూక దౌర్జన్యం చేసింది. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులపై దాడులు జరిగాయి. 2025 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నేపాలీ విద్యార్థిని మరణం పట్ల తోటి విద్యార్థులు నిరసన తెలిపినపుడు జరిగిన ఉదంతం మరింత సిగ్గుచేటు. నేపాల్ విద్యార్థులను హాస్టళ్లు ఖాళీ చేయించి రైల్వే స్టేషనుకు తరలించారు. తమ సంస్థ ఉచిత భోజన వసతులకు పెట్టే ఖర్చు నేపాల్ బడ్జెట్ కంటే ఎక్కువన్న ధోరణిలో సిబ్బంది మాట్లాడిన దృశ్యాలు క్షణాల్లో సరిహద్దు దాటాయి. ఖాట్మండులో ప్రజలు వీధుల్లోకి వచ్చారు. నేపాల్ రాయబార కార్యాలయం అధికారులు హుటాహుటిన భువనేశ్వర్‌కు వెళ్లారు. సిబ్బంది క్షమాపణ చెప్పారు, విద్యార్థులను వెనక్కి రమ్మన్నారు. నోరు జారిన ఆ ఒక్క వాక్యం పొరుగు దేశంతో మైత్రికి చేసిన చెరుపును ఎన్ని ఉపకార వేతనాలతో పూడ్చగలం? వార్డెన్లకు, గుమాస్తాలకు, గేటు కాపలాదారులకు శిక్షణ అవసరమన్న సంగతి అంతర్జాతీయీకరణ పత్రాలు రాసేవారికి ఇప్పటికైనా తట్టాలి. విదేశీ విద్యార్థి మొట్టమొదట ఎదుర్కొనేది ఆచార్యుడిని కాదు, వీరినే.

శాంతినికేతనం నుంచి కృష్ణా తీరం దాకా

ఈ ప్రయత్నం మన దేశానికి కొత్తది కాదు. 1921 డిసెంబరులో రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతనంలో విశ్వభారతిని స్థాపించినపుడు, ప్రపంచమంతా ఒకే గూటిలో చేరే చోటు అన్న అర్థం గల సంస్కృత వాక్యాన్ని ఆదర్శంగా ఎంచుకున్నారు. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ తొలి అతిథి ఆచార్యుడుగా వచ్చారు. ఆంగ్లేయుడైన లెనార్డ్ ఎల్మ్‌హర్‌స్ట్ 1922లో శ్రీనికేతనంలో గ్రామీణ పునర్నిర్మాణ కృషికి సారథ్యం వహించారు. చైనా పండితుడు తాన్ యున్‌షాన్ అక్కడే స్థిరపడి 1937లో చీనాభవనానికి ప్రాణం పోశారు. మన బెజవాడ గోపాలరెడ్డి అక్కడే చదువుకుని, వంగ సాహిత్యాన్ని తెలుగువారికి చేరువ చేశారు. శ్రీలంక జాతీయ గీత కర్త ఆనంద సమరకోన్ కూడా కొంతకాలం శాంతినికేతనంలో విద్యార్థి. భారత, బంగ్లాదేశ్‌ల జాతీయ గీతాలు ఠాగూరువే కనుక, మూడు దేశాల జాతీయ గీతాలకు ఒక్క ప్రాంగణంతో సంబంధం ఏర్పడింది. ఏ శిఖరాగ్ర సమావేశం తీర్మానం చేసి సాధించిన ఘనత కాదది.

ఇంకా వెనక్కి వెళితే మన కృష్ణా తీరమే కనబడుతుంది. క్రీస్తుశకం 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజుల ఏలుబడిలో నాగార్జునకొండ బౌద్ధ విద్యాకేంద్రంగా వర్ధిల్లింది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం తామ్రపర్ణి, అంటే నేటి శ్రీలంక, ఆచార్యుల కోసం ఆమె చేసిన నిర్మాణాన్ని పేర్కొంటూ, కాశ్మీరు, గాంధారం, చైనా, వంగం, యవన దేశాల వంటి ప్రాంతాలను వరుసగా ప్రస్తావిస్తుంది. సింహళ విహారం ప్రసక్తి కూడా అందులో ఉన్నది. విదేశీ విద్యార్థులకూ ఆచార్యులకూ వసతిగృహం కట్టించిన తెలుగు గృహిణి అని ఆమెను నేటి భాషలో చెప్పుకోవచ్చు. ఆ లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోగా, తవ్వకాలలో దొరికిన అవశేషాలను జలాశయం నడుమనున్న కొండపై భద్రపరిచారు.

నేటి హైదరాబాదుకు వస్తే, 1958లో కేంద్ర ఆంగ్ల బోధన సంస్థగా మొదలైన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం విదేశాంగ శాఖ సాంకేతిక సహకార పథకం కింద అనేక దేశాల వారికి ఆంగ్ల శిక్షణ ఇస్తున్నది. అక్కడ ఒకే ఆవరణలో అరబ్బీ, ఫ్రెంచి, జపనీస్, రష్యన్ భాషలు నేర్చుకునే తెలుగు విద్యార్థులు, ఆంగ్లం నేర్చుకోవడానికి వచ్చిన విదేశీయులు పక్కపక్కనే ఉంటున్నారు. విదేశీ భాష నేర్చుకునేవారికి ఆ భాష మాట్లాడే మనిషే గోడ అవతల ఉండటం కంటే వేరే అవకాశమేమి కావాలి? ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ విదేశీ విద్యార్థులున్నారు. వారిని స్వాతంత్ర్య దినోత్సవం నాడు వేదిక మీద తమ జాతీయ దుస్తులలో నిలబెట్టి ఫోటో తీయించడంతో సరిపెట్టకుండా, వారి దేశ చరిత్రను వారి నోటనే ఒక గంట సేపు చెప్పించే తరగతులు పెడితే ఖర్చు ఏమీ ఉండదు.

దక్షిణాసియా విశ్వవిద్యాలయం విషయానికి మళ్లీ వస్తే, 2024 నుంచి అక్కడ ఇంజనీరింగ్ పట్టా కోర్సులు కూడా మొదలయ్యాయి. పట్టభద్రులైన పాత విద్యార్థులు ఎనిమిది దేశాలలోని కళాశాలలలో, బ్యాంకులలో, ప్రభుత్వ శాఖలలో, న్యాయస్థానాలలో చేరారు. భారత, బంగ్లాదేశ్‌ల మధ్య 1996 డిసెంబరు 12న 30 సంవత్సరాల కాలానికి కుదిరిన గంగా జలాల ఒప్పందం గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది. ఎండాకాలంలో ఫరక్కా వద్ద నీటిని పది రోజుల చొప్పున లెక్కగట్టి పంచుకునే ఆ ఒప్పందాన్ని పొడిగించాలన్నా, కొత్తగా రాసుకోవాలన్నా రెండు వైపులా అధికారులు, ఇంజనీర్లు, న్యాయ నిపుణులు ఎదురెదురుగా కూర్చోవలసిందే.